గురులింగప్ప సున్నపు డబ్బీ

జహీరాబాద్ బజారులో గురులింగప్ప మొహం కంటే ఆయన సున్నపు డబ్బీయే ఎక్కువ మందికి తెలుసు. అరచేతిలో ఇమిడే గుండ్రని ఇత్తడి డబ్బీ అది. మూతకు సన్నని గొలుసు, గొలుసు చివర సున్నం తీసే పుల్ల. ఎప్పుడో ఎద్దు తొక్కి ఒక పక్క సొట్టపోయింది. ఆ సొట్టే దానికి గుర్తు.

ఆయనది న్యాల్‌కల్ దారిలోని ఊరు. నల్లరేగడిలో కంది, శనగ, జొన్న. బావి కింద కాస్త చెరకు, అల్లం. తెల్లటి పంచె, నెత్తిన రుమాలు, మెడలో లింగం, దవడలో ఆకు. మాట తక్కువ. ఆ తక్కువ మాటకే బజారులో గిరాకీ ఎక్కువ.

ఆ రోజుల్లో పంట అమ్ముడుపోయేదాకా రైతు చేతిలో రూపాయి ఆడేది కాదు. బట్ట, ఇనుము, నూనె అన్నీ ఉద్దెరే. పెద్ద రైతులు పనుల రోజుల్లో బజారుకు రాలేక, తమ వస్తువు ఒకటి ఎవరో ఒకరి చేతికిచ్చి పంపేవారు. దాన్ని నిశానీ అనేవారు. ఒకరిది చేతికర్ర, ఒకరిది వెండి ఉంగరం, గురులింగప్పది సున్నపు డబ్బీ. నిశానీ వచ్చిందంటే మనిషి వచ్చినట్టే. తెచ్చినవాడిని నువ్వెవరని అడగడం ఆ మనిషికి కాదు, పంపిన పెద్దమనిషికి అవమానం. అందుకే ఎవరూ అడిగేవారు కాదు. పెద్దమనుషుల పరువు కోసం పెట్టుకున్న ఆ మర్యాదే చివరికి ఒక కూలిమనిషి పరువు తీసింది.

మదన్‌మోహన్ సేటు బట్టల దుకాణంలో మాత్రం చిన్న పరీక్ష ఒకటి ఉండేది. డబ్బీ రాగానే పద్దులు రాసే మునీం రామ్‌కిషన్ మూత తీసి వేలి కొసతో సున్నాన్ని తాకేవాడు. తడిగా ఉంటే ఆ పొద్దున్నే యజమాని చేతిలోంచి వచ్చినట్టు. ఎండి గట్టిపడితే ఎక్కడో పడిపోయి, ఎవరికో దొరికి వచ్చినట్టు. తడి సున్నం అంటిన వేలిని ధోవతికి తుడుచుకుంటూ, "బట్ట తాను దించురా" అని కేకేసేవాడు.

ఆ దుకాణంలో మరొకటి కూడా ఉండేది. ప్రతి రైతుకూ సేటు మనసులో ఒక గీత గీసి పెట్టుకునేవాడు. ఆ గీత దాకా అడిగినంత ఇవ్వాలి. దాటితే నవ్వుతూ, చాయ్ తాగిస్తూ, "మాల్ రేపొస్తది" అని తప్పించుకోవాలి. ఎన్నేళ్లుగా ఇస్తున్నాడు, ఎన్ని కరువుల్లో మాట నిలబెట్టుకున్నాడు, ఇంట్లో తాగేవాళ్లెవరైనా ఉన్నారా, భాగాలు పంచుకున్నారా, ఇవన్నీ చూసి ఆ గీత ఒకసారి ముందుకు జరిగేది, ఒకసారి వెనక్కి జరిగేది. గురులింగప్ప మాత్రం తనకు గీతే లేదనుకునేవాడు. చుట్టూ ఊళ్లు ఎండిపోయిన కరువులో కూడా ఎద్దులమ్మి బాకీ కట్టినవాడికి గీతేమిటి?

ఆ ధీమాతోనే ఆయన డబ్బీని ఊళ్లో అడిగినవాళ్లకల్లా ఇచ్చేవాడు. పెళ్లి బట్టలకు ఒకరు, గొంగడికి ఒకరు. "తీస్కపో. సేటుకు నా పేరు జెప్పు" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు చుట్టూ ఎవరున్నారో ఒకసారి చూసుకునేవాడు. దానం చేసేవాడికి ఉండే ఆ చిన్న చూపు ఆయనకూ ఉండేది.

అలా డబ్బీ తీసుకున్నవాళ్లలో యాదమ్మ ఒకతి. కలుపుతీతకు, కందికోతకు ఆడవాళ్ల ముఠాను కట్టేది ఆమే. ఏ రైతుకు పని పడినా ముందు యాదమ్మ చేతిలో కూలి బయానా, కొంత ముందస్తు డబ్బు, పెట్టేవాడు. ఆ బయానా ఆమె ఆడవాళ్లకు పంచేది. ఒప్పుకున్న రోజుకు ఒక్కతి తక్కువ కాకుండా చేలో నిలబెట్టేది. ఊరిమీద ఆమెకున్న ఆస్తి ఆ నమ్మకమే. ఒక వానాకాలం మొగుడు నాగప్ప చలిజ్వరంతో వణుకుతుంటే గురులింగప్ప డబ్బీ పట్టుకుపోయి సేటు దగ్గర చెద్దరు తెచ్చుకుంది. కలుపు కూలిలో తీర్చేసింది. అంతటితో ఆ సంగతి అయిపోయిందనుకుంది.

ఆ ఏడే దసరా ముందు గురులింగప్ప అల్లుడు బస్వరాజ్ కోహీర్ నుంచి వచ్చాడు. బెల్‌బాటం ప్యాంటు, కళ్లకు నల్లద్దాలు. సేద్యం చేతకాదు, ఒకరి కింద పని చేయడం ఇష్టం లేదు. లారీలో వాటా కొంటానని రెండేళ్లుగా అంటున్నాడు.

"మామా, కమలకు పండుగ చీర దీస్కపోవాలె. జర డబ్బీ ఇస్తవా?"

"ఎందుకియ్య? మంచిది తీస్కపో. అంచున్నది తియ్యి" అని గురులింగప్ప జేబులోంచి డబ్బీ తీసి స్వయంగా అతని చేతిలో పెట్టాడు. అప్పుడే తడి సున్నం నింపుకున్నాడు కూడా.

సాయంత్రానికి డబ్బీ తిరిగొచ్చింది. ఆకుపచ్చ చీర వచ్చింది. దాని పైసలు తానే కడతానని అల్లుడు గొప్పలు పోయాడు. అది చూసి కోహీర్‌లో బిడ్డ కమలమ్మ మురిసిపోయింది. గురులింగప్ప ఆకు వేసుకున్నాడు.

దీపావళికి సేట్లు కొత్త పద్దులు మొదలుపెడతారు. పాత బాకీలు చెప్పి పంపుతారు. గురులింగప్పకు కబురొచ్చింది. ఎప్పటిలాగే సంత రోజు దుకాణం మెట్లెక్కి పరుపు మీద కూర్చున్నాడు. సేటు చాయ్ తెప్పించాడు గానీ ఎప్పటిలా నవ్వలేదు.

"పటేల్ సాబ్, ఇంట్ల పెండ్లేమన్న చేసిన్రా? మాకు పిలుపే లేదు."

"పెండ్లెక్కడిది సేటూ?"

"మరి గన్ని టెర్రీకాటు తానులు ఏం చేసుకున్నరు? బండి నిండ తీస్కపోయిన్రు గద."

గురులింగప్ప చాయ్ సాసరు కింద పెట్టాడు. సేటు చెప్పిన మొత్తం విన్నాక, ఆ ఏటి అల్లమంతా అమ్మినా అందులో సగానికి చాలదని అర్థమైంది. బజారు ధరలు తెలిసిన మనిషి కాబట్టి లెక్క ఒక్క క్షణంలో తేలిపోయింది. దానితోపాటే ఇంకో సంగతి కూడా తేలిపోయింది: నల్లద్దాలు, బెల్‌బాటం, ఆకుపచ్చ చీర.

మునీం రామ్‌కిషన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "నా తప్పేం లేదు పటేల్ సాబ్. డబ్బీ మీదే, సొట్ట సూసిన. సున్నం తడిగనే ఉండె. దసరా గిరాకి, సేటు హైద్రాబాద్ పోయిండు. ముసుగేస్కున్న కూలిమనిషి వచ్చింది, పటేలింట్ల పెండ్లి అన్నది. హమాలీలు బండికెక్కించిన్రు. మీ గీత దాటుతున్నదని నాకెర్కనే, గని పెండ్లంటే ఎట్ల కాదంట?"

"నా గీతా?" అన్నాడు గురులింగప్ప.

రామ్‌కిషన్ నాలుక కరుచుకున్నాడు. సేటు గొంతు సవరించుకున్నాడు. "అందరికి ఉంటది పటేల్. మీది జర పెద్దది, అంతే."

దుకాణం అరుగు మీద సంతకొచ్చిన రైతులు చాలామంది ఉన్నారు. మహాదేవప్ప అనే నోటి దురుసు రైతు ఒకడు చెవులు ఇటే పెట్టుకుని శనగలు నములుతున్నాడు. అందరి కళ్లూ తన మీదే ఉన్నట్టు గురులింగప్పకు తోచింది. అల్లుడికి నేనే ఇచ్చాను అనాలి. అంటే ఏమవుతుంది? గురులింగప్ప ఇంటి మనిషే గురులింగప్ప డబ్బీతో దోచుకున్నాడని ఈ అరుగు మీది నుంచి న్యాల్‌కల్ దాకా, కోహీర్ దాకా పాకుతుంది. బిడ్డ కాపురం ఉంది. అంతకంటే ముందు, నిజం చెప్పాలంటే, ఆయనకు తోచింది బిడ్డ కాపురం కాదు. తన మీద గీసిన గీత. అది ఇప్పుడు ఎంత వెనక్కి జరుగుతుందోనని.

"ఆ దినం డబ్బీ నా తాన లేదు" అన్నాడు. "పోయింది. రెండు దినాలకు కొట్టంల దొర్కింది."

చిన్న అబద్ధం. ఎవరి పేరూ చెప్పలేదు. ఆ తర్వాత చాలా కాలం తనకు తాను చెప్పుకున్న ఓదార్పు అదే: నేనెవరి పేరూ చెప్పలేదు.

పేరు అరుగు మీదే పుట్టింది. "నీళ్లు వోసి సున్నం తడిపినట్టుంది, తెల్విగల్లది" అన్నాడొకడు. "డబ్బీతోని మాల్ ఎట్ల తేవాలెనో ఎర్కున్న ఆడిదే అయ్యుంటది" అన్నాడింకొకడు. రామ్‌కిషన్ కళ్లు మెరిశాయి. తన ఉద్యోగం నిలబెట్టే తాడు దొరికింది. "చెద్దరు కొరకు వచ్చింది గదా మీ ఊరి ముఠామనిషి, యాదమ్మనో ఏందో... గిట్లనే ఉండె. ముసుగుండె గాని నడక గిట్లనే ఉండె."

అందరూ గురులింగప్ప వైపు చూశారు.

ఆయన తల దించుకున్నాడు. చాయ్ చల్లారిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుని, చివరికి, "ఎవరు దెస్తేంది సేటూ. డబ్బీ నాది. బాకీ నాది. నేనే గడ్త" అన్నాడు.

"గిదీ మనిషంటె!" అన్నాడు అరుగు మీద ఎవరో. మహాదేవప్ప కూడా శనగలు నమలడం ఆపేశాడు.

జోడెడ్లు అమ్మి, అల్లం అమ్మి, ఆయన బాకీ కట్టాడు. దొంగ ఎత్తుకుపోయిన సరుకుకు తన ఎద్దులమ్మి కట్టిన మనిషని జహీరాబాద్ అంతా చెప్పుకుంది. తెలియని సేట్లు కూడా దారిలో నమస్తే పెట్టసాగారు.

మధ్యలో ఒకసారి కోహీర్ పోయి అల్లుడిని నిలదీశాడు. బస్వరాజ్ తల దించుకోలేదు. "మామా, నీ డబ్బీకి గంత తాకత్ ఉన్నదని నాకేం ఎర్క? కూలీల అడ్డమీద ఒక కూలిదాన్ని వట్టి పంపిన. వాళ్లు ఇస్తనే పోయిన్రు, అది తీస్తనే పోయింది. లారీ పైసలు రాంగనే ఇచ్చేస్త" అన్నాడు. వాకిట్లో కమలమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని ముగ్గు పెడుతోంది. గురులింగప్ప మంచినీళ్లు కూడా తాగకుండా లేచి వచ్చేశాడు. లారీ పైసలు ఏనాడూ రాలేదు.

ఇక్కడ ఊళ్లో యాదమ్మకు బయానాలు ఆగిపోయాయి. మొదట ఒక రైతు, "ఈసారి మా ఇంటామెనే సూసుకుంటది లే" అన్నాడు. తర్వాత ఇంకొకరు. శనగకోతకు పక్క ఊరి ముఠా వచ్చింది. కిరాణా కొట్టులో ఉప్పు, నూనె ఉద్దెర బంద్. "పైసలిచ్చి తీస్కపో అక్కా, ఏమనుకోకు" అని కొట్టువాడు. ఊళ్లో ఆమెకు కొత్త పేరు పెట్టారు: డబ్బీ యాదమ్మ. బావి దగ్గర ఆడవాళ్లు ఆమె వస్తుంటే బిందెలు దగ్గరకు జరుపుకునేవారు, ఇత్తడివి గనక. ఎవరూ పోలీసు స్టేషనుకు పోలేదు. పోయినా బాగుండేది. అక్కడైతే రుజువు అడిగేవారు. ఊరికి రుజువుతో పనేముంది?

ఆమె ఎవరినీ తిట్టలేదు. ఒక్కసారి గురులింగప్ప వాకిట్లోకి వచ్చి నిలబడింది. "పటేలా, నేను మీ డబ్బీ తీసిన్నా?" అని అడిగింది. ఆయన, "నేనట్ల అన్నన్నా యాదమ్మా?" అన్నాడు.

"అన్లేదు" అంది ఆమె. "కాదని గూడ అన్లేదు."

అంతే. వెళ్లిపోయింది.

ఆ మాట ఆయన దవడలో ఆకులా ఉండిపోయింది. మింగుడు పడదు, ఉమ్మలేడు. చేనికి పోయినా, గుడికి పోయినా, జేబులో డబ్బీ తొడకు తగులుతూనే ఉండేది. కొత్త ఎద్దులు కొనడానికి సేటు మళ్లీ ఉద్దెర ఇస్తానన్నాడు. ఆయన వద్దన్నాడు.

శివరాత్రి దాటాక యాదమ్మ, నాగప్ప ఊరు విడిచి చెరకు నరికే ముఠాతో కర్ణాటక వైపు పోతున్నారని తెలిసింది. ముఠాను నడిపిన మనిషి ఇంకొకరి ముఠాలో కూలికి. గురులింగప్పకు ఆ రోజు అన్నం సహించలేదు. మరునాడు సంత. పొద్దున్నే బస్సెక్కి జహీరాబాద్‌లో దిగి, తిన్నగా సేటు అరుగు ముందు నిలబడ్డాడు. కూర్చోలేదు.

"సేటూ, అందరు ఇనుండ్రి. ఆ డబ్బీ యాదమ్మ తియ్యలే. డబ్బీ పోలే. నేనే ఇచ్చిన."

దుకాణంలో గజంకర్ర ఆగిపోయింది.

"ఎవరికిచ్చిన్రు?" అన్నాడు సేటు.

గురులింగప్ప నోరు తెరిచాడు. ఆకుపచ్చ చీర కట్టుకుని ముగ్గేస్తున్న బిడ్డ కళ్లలో మెదిలింది.

"ఇచ్చిన" అన్నాడు మళ్లీ. "గంతే."

సేటు ఆయన మొహం కాసేపు చూసి, మెల్లగా తల ఊపాడు. కళ్లు చెమ్మగిల్లాయి కూడా. అరుగు మీదివాళ్ల వైపు తిరిగి, "చూసిన్రా? చూసిన్రా ఈ మనిషిని? కూలిదాని పరువు కొరకు తన పరువు తీస్కుంటున్నడు. ఎద్దులమ్మి కట్టిండు, ఇప్పుడు దొంగతనం గూడ తన నెత్తికేస్కుంటున్నడు. పటేల్ సాబ్, ఈ పొద్దు నుంచి మా దుకాణంల మీకు గీత లేదు. మీ డబ్బీ వస్తే దుకాణం ఇచ్చేస్త" అన్నాడు.

మహాదేవప్ప చప్పట్లు కొట్టాడు. నలుగురు కలిశారు.

గురులింగప్ప జీవితమంతా కోరుకున్నది అదే: గీత లేకపోవడం. అది ఒంటి మీద ఎవరో పెంటనీళ్లు పోసినట్టు వచ్చి పడింది. కాదు, కాదని రెండుసార్లు అన్నాడు. వద్దంటే ఇంకా పెద్దమనిషి అయిపోయాడు. ఆ మెట్లు ఎలా దిగాడో ఆయనకు తెలియదు.

ఇంటికొచ్చేసరికి ఆ కబురు ఆయన కంటే ముందే వచ్చేసింది. భార్య బసమ్మ జొన్నరొట్టె కొడుతోంది. పెనం మీంచి తల ఎత్తకుండానే అంది:

"సగం చెప్పినవట గద."

"నీకెర్కనేనా?"

"చీర సూసిన్నాడే ఎర్క. గా పోరడు చీర పైసలు కడ్తనని ఎగిరెగిరి పడ్డడు. ఏనాడన్న కట్టిండా ఆడు?" రొట్టె తిప్పింది. "పేరు జెప్తె మన బిడ్డ తల దించుకుంటది. చెప్పకుంటె ఇంకోలింటి ఆడిది ఊరిడుస్తది. సగం జెప్తె మట్టుకు నీకే దండలు పడ్తయి. గది నీకు బాగనే ఉన్నట్టుంది."

ఆయన రొట్టె ముట్టలేదు. వెలుతురు ఉండగానే యాదమ్మ గుడిసెకు పోయాడు. గుడిసె ముందు మూట కట్టి ఉంది. నాగప్ప గొడ్డలి పిడి బిగిస్తున్నాడు, చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. యాదమ్మ చేట పక్కన పెట్టింది. కూర్చోమనలేదు.

"పోవద్దు యాదమ్మా" అన్నాడు. జేబులోంచి డబ్బీ తీసి ఆమె ముందు పట్టాడు. "గిది నువ్వే ఉంచుకో. నీకేం కావాలన్నా సేటు దుకాణంల దెచ్చుకో. గీత లేదన్నడు. ఎన్నటికైన నేను గడ్త."

యాదమ్మ డబ్బీ వైపు చూసింది. ఆమె మొహంలో మొదట కోపం కూడా రాలేదు. నవ్వు లాంటిది వచ్చింది.

"పటేలా, గీ డబ్బీ చేతుల పట్కొని నేను బజార్ల నడిస్తె జనం ఏమంటరు?"

గురులింగప్ప చేయి అలాగే ఉండిపోయింది. అంత సంగతి తనకు తట్టలేదు. ఎవరికిచ్చినా తలుపులు తెరిచే డబ్బీ, ఆ ఒక్క మనిషి చేతిలో దొంగసొత్తు అయిపోతుందని.

"నాకు మీ దానం వద్దు" అంది. "మీరు ఎవరికిచ్చిన్రో నాకెర్కనే. మా ముఠాల ఆడోళ్లకు కోహీర్‌ల చుట్టాలున్నరు. గా బండి ఎక్కడ దిగిందో చెప్పిన్రు. నేను జెప్తె ఎవరిన్నరు? డబ్బీ యాదమ్మ చెప్పింది ఎవలింటరు? మీరు జెప్పాలె. రేపు బజారుకు నడువుండ్రి. నేను ముంగట నడుస్త. మీరు ఎనక నడువుండ్రి."

నాగప్ప అన్నాడు, "వద్దే, పెద్దోళ్లతోని మనకేంది."

"నువ్వూకో. చెద్దరు కప్పుకున్నది నువ్వే గద" అంది. కళ్లలో నీళ్లు అప్పుడొచ్చాయి.

మరునాడు జహీరాబాద్ బస్టాండు నుంచి బజారు దాకా ఆమె ముందు, ఆయన వెనక నడిచారు. దారిలో నమస్తే పెట్టినవాళ్లకు ఆయన చేతులెత్తలేకపోయాడు. ఆమె కాళ్లకు చెప్పులు లేవన్న సంగతి ఆయన ఆ రోజే చూశాడు. ఏళ్లుగా ఆయన చేలో నడిచిన కాళ్లే.

దుకాణంలో ఆమెను చూడగానే రామ్‌కిషన్ చేతిలోని తాను లోపలికి జరుపుకున్నాడు. సంత కాకపోయినా అరుగు ఖాళీగా లేదు. నిన్నటి కథ మళ్లీ చెప్పుకోవడానికి వచ్చినవాళ్లే నలుగురైదుగురు ఉన్నారు. మహాదేవప్ప సరేసరి.

గురులింగప్ప అరుగు కిందే నిలబడ్డాడు. ఈసారి నేల వైపు చూస్తూ చెప్పాడు.

"డబ్బీ మా అల్లునికిచ్చిన. కోహీర్ బస్వరాజ్‌కు. ఆడు ఎవరో కూలిదాన్ని పంపి మాల్ తీస్కపోయిండు, అమ్ముకున్నడు. నాకు దీపావళి నాడే ఎర్క. గీ అరుగు మీదనే ఎర్కైంది. ఎర్కై గూడ డబ్బీ పోయిందని అబద్ధం చెప్పిన. మీరు గీమె పేరు తీసినప్పుడు నోరు మూస్కున్న. గీమెకేం సంబంధం లేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఈసారి నమ్మారు. పేరుంది గదా, నమ్మడానికి.

మహాదేవప్ప శనగపొట్టు ఉఫ్‌మని ఊది అన్నాడు, "ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. పట్టుడేంది, గీయన కొంగు కప్పి దాసిండు!"

అరుగు మీద నవ్వులు లేచాయి. గురులింగప్పను చూసి బజారు నవ్వడం అదే మొదటిసారి. నిన్న పడ్డ దండల కంటే ఆ నవ్వు ఆయనకు తేలిగ్గా ఉంది. సేటు మాత్రం నవ్వలేదు. కళ్లు చిన్నవి చేసుకుని గురులింగప్పను పైనుంచి కిందిదాకా చూశాడు. ఆయన మనసులో గీత జరుగుతున్న చప్పుడు వినబడ్డట్టే ఉంది.

యాదమ్మ మెట్లెక్కింది. కూలివాళ్లు కింద నిలబడి అడిగే దుకాణం అది. ఆమె పైకెక్కి కూర్చుంది.

"రైకగుడ్డ సూపియ్యి. ఎర్రది."

రామ్‌కిషన్ సేటు వైపు చూశాడు. సేటు తల ఊపాడు. ఎర్ర గుడ్డ కొలిచి చింపారు. యాదమ్మ కొంగుముడి విప్పి నోటు తీసింది.

"గింత నగదు. మిగిలిన రెండు రూపాయలు ఉద్దెర."

సేటు చేయి ఊపేశాడు. "రెండు రూపాయలకేంది యాదమ్మా, ఉంచుకో. నీకు మస్తు తక్లీఫ్ అయ్యింది. మాఫ్ చేసిన."

"మాఫ్ ఎందుకు జేస్తవ్ సేటూ? నేనేం తప్పు జేసిన్నని? ఉద్దెర రాయి. వచ్చే సంతకు కడ్త."

తానులకు తానులు ఎవరికో ఎత్తి ఇచ్చిన దుకాణం రెండు రూపాయల దగ్గర ఆగిపోయింది. రామ్‌కిషన్ కలం పట్టుకున్నాడు గానీ రాయలేదు. సేటు అలవాటు చొప్పున అరుగు కిందికి, గురులింగప్ప వైపు చూశాడు. ఆయన ఊ అంటే చాలు.

"ఆయన దిక్కు చూడకు" అంది యాదమ్మ. "నా దిక్కు చూడు."

గురులింగప్ప మొహం రోడ్డు వైపు తిప్పేసుకున్నాడు. పూర్తిగా వీపు చూపించాడు. ఆ రోజు ఆయన చేసిన వాటిలో సిగ్గుపడనవసరం లేని పని అదొక్కటే.

వెనక సేటు గొంతు వినబడింది. "రాయి రామ్‌కిషన్."

"ఏ యాదమ్మ అని రాయాలె? మా తాన మస్తు మంది యాదమ్మలున్నరు. ఇంటి పేరేంది?"

అలవాటైన గొంతుతో ఆ ప్రశ్న గురులింగప్ప వీపుకు కూడా తగిలింది. ఇంటి పేరు. ఎన్నో ఏళ్ల నుంచి కలుపు తీసింది, కంది కోసింది, తన అల్లం తవ్వింది. ఆ పేరు ఆయనకు తెలియదు. ఎవరైనా అడిగితే ఇప్పుడైనా చెప్పలేడు. అల్లుడి తాతముత్తాతల పేర్లు మాత్రం వరుసగా చెప్పగలడు.

"చిల్కపల్లి యాదమ్మ" అంది ఆమె. "మొగుడు నాగప్ప. మంచిగ రాయి, డబ్బీ యాదమ్మ అని రాసేవు."

రామ్‌కిషన్ కలం బరబర చప్పుడు చేసింది.

ఆమె కర్ణాటక పోలేదు. అట్లని అన్నీ సర్దుకున్నాయని అనుకోవద్దు. సగం మంది రైతులు ఆమె దగ్గరకు తిరిగి రావడానికి రెండు పంటలు పట్టింది. మిగతా సగం ఎన్నటికీ రాలేదు. నిజం తెలిసిన తర్వాత కూడా మనుషులు తాము ముందు నమ్మిందాన్ని అంత తొందరగా వదులుకోరు. కమలమ్మ ఏడాది దాకా పుట్టింటికి రాలేదు. వచ్చిన రోజు ఆకుపచ్చ చీర తెచ్చి తల్లి ముందు పడేసి, ఏమీ తినకుండా వెళ్లిపోయింది. బస్వరాజ్‌కు జహీరాబాద్‌లో ఎవరూ చాయ్ కూడా ఉద్దెర ఇవ్వలేదు. బీదర్‌లో ఇచ్చారట.

గురులింగప్ప డబ్బీని దూలానికి కొట్టిన చిలక్కొయ్యకు తగిలించాడు. మళ్లీ జేబులో వేసుకోలేదు. సున్నాన్ని ఆకు ముక్కలో చుట్టుకుని పోయేవాడు. బజారుకు తానే పోయేవాడు, నగదు ఇచ్చి తానే మోసుకొచ్చేవాడు. కొత్తగా వచ్చిన దుకాణదారులు కొందరు ఆయనను చూసి, "ఎంత సాదాసీదా మనిషి! ఒక్క రూపాయి బాకీ పెట్టడు" అనేవారు. అది వినబడినప్పుడు ఆయన నడక తొందరయ్యేది.

యాదమ్మ ఉద్దెర రాయించిన తర్వాత వచ్చిన మొదటి సంత నాడు మాత్రం ఒక్కటి జరిగింది. పాన్‌డబ్బా దగ్గర ఆకులు కొంటున్నాడు. ఎదురుగా సేటు అరుగు. యాదమ్మ వచ్చింది, ఎర్రరైక కుట్టించుకుని తొడుక్కుని. పిడికిలి విప్పి రెండు రూపాయలు రామ్‌కిషన్ ముందున్న బల్ల మీద పెట్టింది. "పద్దు కొట్టెయ్యి" అంది, అందరికీ వినబడేట్టు. రామ్‌కిషన్ కొట్టేసేదాకా కదల్లేదు. తర్వాత మెట్లు దిగి ఇటే రాసాగింది.

గురులింగప్ప పాన్‌డబ్బా పక్కన ఆపి ఉన్న జొన్నబస్తాల బండి వెనక్కి పోయి నిలబడ్డాడు. ఆమె బండి పక్క నుంచే వెళ్లింది. చెప్పులు లేని కాళ్లు చక్రం సందులోంచి కనబడ్డాయి. ఆగాయి కాసేపు. ఆయన బస్తాల చాటుకు ఇంకాస్త ఒదిగాడు.

"పైసలు పటేల్ సాబ్?" అన్నాడు పాన్‌వాలా. "రాస్కొమ్మంటరా?"

"వద్దు, వద్దు" అన్నాడు గురులింగప్ప గుసగుసగా, జేబు తడుముకుంటూ. "రాయకు."

కాళ్లు కదిలి వెళ్లిపోయాయి.